కాలేజీ ఫుట్‌బాల్‌లో ఫ్రెష్‌మన్‌కు రెడ్‌షర్ట్ ఇవ్వాలా, ఆడించాలా: నిర్ణయానికి సమగ్ర మార్గదర్శి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆగస్టు నెల రాగానే ప్రతి కోచ్‌ల గదిలోనూ ఒక జాబితా తయారవుతుంది. ఆ ఏడాది హైస్కూలు ముగించుకొని కొత్తగా చేరిన కుర్రాళ్లలో, అంటే ఫ్రెష్‌మన్‌లలో, ఎవరిని వెంటనే బరిలోకి దింపాలి, ఎవరిని ఏడాదిపాటు వెనక ఉంచి సిద్ధం చేయాలి అన్నది ఆ జాబితా తేల్చవలసిన విషయం. జట్టుతో కలిసి రోజూ సాధన చేస్తూనే, మ్యాచ్‌లలో మాత్రం ఆడకుండా, లేదా చాలా కొద్దిగా ఆడి, తన అర్హతలో ఒక సీజన్‌ను మిగుల్చుకోవడాన్ని రెడ్‌షర్ట్ అంటారు. మొదటి ఏడాదే ఆడేసినవాణ్ణి ట్రూ ఫ్రెష్‌మన్ అని, ఒక ఏడాది ఆగి రెండో ఏడాది మొదటి సీజన్ ఆడుతున్నవాణ్ణి రెడ్‌షర్ట్ ఫ్రెష్‌మన్ అని పిలుస్తారు.

డాలస్, అట్లాంటా నగరాల శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చదివే హైస్కూళ్లలో శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ అంటే ఊరంతా కదిలే వ్యవహారం. అయినా క్రికెట్ లెక్కలకు అలవాటుపడిన మన తల్లిదండ్రులకు, బాగా ఆడే కుర్రాణ్ణి కావాలని కూర్చోబెట్టడం వింతగానే కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ నిర్ణయాన్ని కోచ్ ఏ క్రమంలో తీసుకోవాలో, ఆటగాడి కుటుంబం ఏ ప్రశ్నలు అడగాలో వివరిస్తుంది. ఇక్కడ చెప్పేదంతా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లోని పెద్ద జట్ల విభాగమైన ఎఫ్‌బీఎస్‌కు, 2025 సీజన్ నాటికి అమలులో ఉన్న నిబంధనలకు సంబంధించినది. ఐదేళ్లలో ఐదు సీజన్లూ ఆడనివ్వాలన్న ప్రతిపాదన కూడా చర్చకు వచ్చినందున, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం నిబంధనల ప్రతిని కాలేజీలో నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ ఆఫీసు నుంచి తీసుకున్న తర్వాతే లెక్క మొదలుపెట్టాలి.

మొదటి అడుగు: గడువునూ సీజన్లనూ వేరువేరుగా లెక్కించాలి

ఒక ఆటగాడికి నాలుగు సీజన్లు ఆడే హక్కు ఉంటుంది, ఆ నాలుగింటినీ వాడుకోవడానికి ఐదేళ్ల గడువు ఉంటుంది. ఈ రెండూ వేరు లెక్కలు. చాలామంది అభిమానులు, కొందరు ఆటగాళ్లు కూడా, వీటిని కలిపేసి గందరగోళపడతారు. గడువు అతను ఏ కాలేజీలోనైనా పూర్తికాల విద్యార్థిగా చేరి తరగతులకు హాజరు కావడంతో మొదలవుతుంది, ఆ తర్వాత అతను కాలేజీ మారినా, చదువు మధ్యలో ఆపినా నడుస్తూనే ఉంటుంది. సైనిక సేవకో, మత సంస్థ తరఫున సేవాయాత్రకో వెళ్లినవారికి మాత్రం ఆ కాలం లెక్కలోకి రాదు. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ జట్టులో వయసు మీరిన ఆటగాళ్లు ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. సీజన్ లెక్క మాత్రం మైదానంలోకి దిగినప్పుడే కదులుతుంది.

2018కి ముందు ఈ రెండో లెక్క చాలా కఠినంగా ఉండేది. గాయం కారణంగా ప్రత్యేక అనుమతి దొరికితే తప్ప, ఒక్క స్నాప్ (బంతి కదలడంతో మొదలయ్యే ఒక్కో ఆట) ఆడినా ఒక సీజన్ ఖర్చయిపోయేది. నవంబరులో గాయాల వల్ల జట్టు పలచబడి, దాచి ఉంచిన ఫ్రెష్‌మన్‌ను ఒక్క ఆట కోసం దింపి అతని ఏడాది మొత్తాన్ని పోగొట్టిన సందర్భాలు అప్పట్లో మామూలే. 2018 జూన్‌లో వచ్చిన సవరణ ఆ పరిస్థితిని మార్చింది. ఇప్పుడు ఫుట్‌బాల్ ఆటగాడు ఒక సీజన్‌లో నాలుగు గేమ్‌ల దాకా ఆడినా, గడువులో ఏడాది మిగిలి ఉన్నంతవరకు, అతని సీజన్ ఖర్చు కాదు. ఆ నాలుగూ వరుసగా ఉండనక్కరలేదు, సీజన్ మొదట్లోనైనా చివర్లోనైనా ఆడవచ్చు. తర్వాతి కాలంలో మరో సడలింపు వచ్చింది: కాన్ఫరెన్స్ (జట్ల కూటమి) ఛాంపియన్‌షిప్ గేమ్, సీజన్ ముగిశాక ఆహ్వానం మీద ఆడే బౌల్ గేమ్, జాతీయ ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్ గేమ్‌లు ఆ నాలుగింటిలోకి రావు. అంటే మామూలు సీజన్‌లోని 12 గేమ్‌లలో నాలుగు ఆడి, ఆ పైన డిసెంబరు, జనవరి గేమ్‌లన్నీ ఆడిన కుర్రాడు కూడా రెడ్‌షర్ట్‌గానే మిగులుతాడు.

దీని పక్కనే ఉండే మరో రెండు పద్ధతులను రెడ్‌షర్ట్‌తో కలపకూడదు. పూర్తికాల ప్రవేశాన్నే జనవరికి వాయిదా వేసి, గడువు మొదలుకాకుండా చూసుకోవడాన్ని గ్రేషర్ట్ అంటారు. హైస్కూలు మార్కులు పూర్తి అర్హతకు చాలక, స్కాలర్‌షిప్, సాధన వరకే అనుమతి దొరికి, ఆ ఏడాది మ్యాచ్‌లు ఆడే వీలు లేకపోవడాన్ని అకడమిక్ రెడ్‌షర్ట్ అంటారు. నిర్ణీతమైన 16 ప్రధాన కోర్సులలో సగటు 2.3 ఉంటే పూర్తి అర్హత, 2.0 నుంచి 2.3 లోపు ఉంటే ఈ కోవలోకి రావచ్చు. ఇక్కడ కోచ్ తేల్చవలసింది ఏమీ ఉండదు, నిబంధనే తేల్చేస్తుంది.

రెండో అడుగు: ఆ ఏడాది దేనికోసమో ముందుగా రాసుకోవాలి

రెడ్‌షర్ట్ వల్ల రెండు లాభాలు ఉంటాయని చెబుతారు. ఒకటి చివరి లాభం: ఐదో ఏడాదిలో, 22, 23 ఏళ్ల పరిణతి చెందిన ఆటగాడు జట్టులో ఉంటాడు. రెండోది మొదటి లాభం: 18 ఏళ్ల కుర్రాడికి ఫలితాల ఒత్తిడి లేకుండా శరీరాన్నీ ఆటనూ కట్టుకోవడానికి ఒక ఏడాది దొరుకుతుంది. కోచ్‌లు ఎక్కువగా చివరి లాభాన్నే దృష్టిలో పెట్టుకొని నిర్ణయిస్తారు. ఇది పాత లెక్క అని నా అభిప్రాయం. చివరి లాభం ఈ రోజుల్లో చాలాసార్లు జట్టుకు దక్కడమే లేదు, దక్కేది మొదటి లాభమే.

ప్రసిద్ధ ఉదాహరణలు చూస్తే ఇది తెలుస్తుంది. టెక్సాస్ ఎ అండ్ ఎం క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపి బంతి విసిరే ఆటగాడు) జానీ మాంజెల్ 2011లో రెడ్‌షర్ట్‌గా ఉండి, 2012లో ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలుచుకున్న తొలి ఫ్రెష్‌మన్ అయ్యాడు. ఫ్లోరిడా స్టేట్‌కు చెందిన జేమిస్ విన్‌స్టన్ 2012లో ఆగి, 2013లో హైస్మన్‌తోపాటు జాతీయ ఛాంపియన్‌షిప్ కూడా గెలిచాడు. ఇద్దరూ ఆడింది రెండేసి సీజన్లే. హైస్కూలు దాటి మూడేళ్లయినవారిని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ తన డ్రాఫ్ట్‌కు (కొత్త ఆటగాళ్ల ఎంపికకు) అనుమతిస్తుంది, రెడ్‌షర్ట్ ఏడాది కూడా ఆ మూడేళ్లలో కలుస్తుంది కాబట్టి ఇద్దరూ ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లిపోయారు. దాచిపెట్టిన ఆ చివరి సీజన్ ఎవరికీ పనికిరాలేదు. పనికివచ్చింది వెనక కూర్చుని నేర్చుకున్న ఏడాది.

క్వార్టర్‌బ్యాక్ జో బరో కథ ఇంకా సూటిగా చెబుతుంది. అతను 2015లో ఒహాయో స్టేట్‌లో రెడ్‌షర్ట్‌గా ఉన్నాడు, తర్వాతి రెండేళ్లు ప్రత్యామ్నాయ ఆటగాడిగానే గడిపాడు, మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసి, రెండు సీజన్ల అర్హతతో 2018లో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్‌ఎస్‌యూకు) మారాడు. 2019లో ఎల్‌ఎస్‌యూ 15 గేమ్‌లూ గెలిచి ఛాంపియన్ అయింది, బరోకు హైస్మన్ వచ్చింది. అది అతని ఐదో ఏడాది. ఒహాయో స్టేట్ దాచిన సీజన్‌ను ఎల్‌ఎస్‌యూ అనుభవించింది. మిగిల్చిన ఏడాది ఆటగాడి సొత్తే కాని జట్టు సొత్తు కాదు. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే మిగతా అడుగులన్నీ తేలికవుతాయి.

కాబట్టి ప్రతి ఫ్రెష్‌మన్ పేరు పక్కన, ఈ ఏడాది ఆడకపోతే వచ్చే ఆగస్టుకు అతనిలో ఏ మార్పు వస్తుందో ఒక వాక్యంలో రాయాలి. పది కిలోల బరువు పెరుగుతుంది, బంతి విసిరేవాణ్ణి కాపాడే పాస్ ప్రొటెక్షన్ పిలుపులు అన్నీ వస్తాయి, భుజం ఆపరేషన్ నుంచి కోలుకుంటాడు వంటి స్పష్టమైన మాట రాయగలిగితే రెడ్‌షర్ట్‌కు అర్థం ఉంది. ఐదో ఏడు చేతిలో ఉంటుంది అన్నది తప్ప మరేమీ రాయలేకపోతే, ఆ కుర్రాణ్ణి ఆడించడమే మేలు.

మూడో అడుగు: స్థానాన్ని బట్టి తూకం వేయాలి

క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుస అయిన అఫెన్సివ్ లైన్ దగ్గర ఈ నిర్ణయం దాదాపు తయారుగా ఉంటుంది. హైస్కూల్లో తనకంటే ఇరవై, ముప్పై కిలోలు తక్కువున్న పిల్లల్ని నెట్టేస్తూ ఆడిన టాకిల్‌కు (లైన్ చివర నిలబడేవాడికి), కాలేజీలో ఎదురుగా నిలబడేది నాలుగేళ్లు వెయిట్ రూంలో గడిపిన పెద్దమనిషి. 300 పౌన్లు, అంటే సుమారు 136 కిలోలు, ఆ స్థానంలో మామూలు బరువు. ఆ బరువును కొవ్వుగా కాక కండగా, పాదాల వేగం తగ్గకుండా పెంచుకోవడానికి నెలలు పడుతుంది, దానికి దగ్గరిదారి లేదు. పైగా లైన్‌లో ఐదుగురూ ఒకే పిలుపుకు ఒకేలా కదలాలి, ఒక్కడు తడబడితే క్వార్టర్‌బ్యాక్ నేలమీద ఉంటాడు. విస్కాన్సిన్, అయోవా వంటి జట్లు దశాబ్దాలుగా లైన్ ఆటగాళ్లను మెల్లగా తయారుచేసి పేరు తెచ్చుకున్నాయి. లైన్‌లో ట్రూ ఫ్రెష్‌మన్‌ను మొదటి గేమ్ నుంచే ఆడించాలనుకునే కోచ్ ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. అతను నిజంగా సిద్ధంగా ఉన్నాడా, లేక మన దగ్గర ఇంకెవరూ లేరా? రెండో సమాధానమైతే అది రిక్రూటింగ్‌లో జరిగిన పొరపాటుకు ఆ కుర్రాడి చేత జరిమానా కట్టించడమే. డిఫెన్సివ్ టాకిల్‌కూ ఇదే లెక్క కొంత మెత్తగా వర్తిస్తుంది, అక్కడ ఆటగాళ్లను విడతలవారీగా మార్చుతుంటారు కాబట్టి గేమ్‌కు పదిహేను స్నాప్‌లతో మొదలుపెట్టవచ్చు.

రన్నింగ్ బ్యాక్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రతి పరుగూ అతని మోకాళ్ల మీదా భుజాల మీదా పడే దెబ్బ. అతని ఉత్తమ సంవత్సరాలు తొందరగా వస్తాయి, తొందరగా పోతాయి. బంతితో పరుగెత్తడంలో నేర్చుకోవలసింది తక్కువ. పాస్ బ్లాకింగ్ ఒక్కటి వస్తే మొదటి ఏడాదే దింపవచ్చు. మంచి రన్నింగ్ బ్యాక్‌ను ఐదో ఏడాది కోసం దాచడంలో నాకు ఎప్పుడూ తర్కం కనిపించలేదు. పాస్ అందుకునే వైడ్ రిసీవర్, అతణ్ణి కాపలా కాసే కార్నర్‌బ్యాక్ స్థానాల్లో వేగమే ప్రధానం, వేగం హైస్కూలు నుంచే వస్తుంది. వీళ్లను కిక్కాఫ్, పంట్ జట్లలో వాడుకుంటూ మెల్లగా పెంచవచ్చు. లైన్‌బ్యాకర్, సేఫ్టీ, టైట్ ఎండ్ మధ్యస్థాలు, వీటిలో మనిషిని బట్టి చూడవలసిందే. కికర్, పంటర్, లాంగ్ స్నాపర్‌లలో ఉన్నవాడికంటే మెరుగైతే ఆడించాలి, కాకపోతే ఆపాలి. అంతకుమించి ఆలోచించడానికి అక్కడ ఏమీ లేదు.

క్వార్టర్‌బ్యాక్ దగ్గరే అసలు తలనొప్పి. అక్కడ ఒక్కరే ఆడతారు, విడతలవారీగా మార్చే వీలుండదు. ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) మొత్తం తలకెక్కాలి, డిఫెన్స్ వేషం మార్చుకున్నప్పుడు రెండు సెకన్లలో గుర్తుపట్టాలి. మామూలుగా రెడ్‌షర్ట్ మంచిదే. అయితే అసాధారణ ప్రతిభ ఉన్నవాడి విషయంలో ఆ సూత్రం పనిచేయదు. 2018లో క్లెమ్సన్ ట్రూ ఫ్రెష్‌మన్ ట్రెవర్ లారెన్స్‌ను ఐదో గేమ్ నుంచి ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా ఆడించింది, జట్టు 15 గేమ్‌లూ గెలిచి, ఫైనల్లో అలబామాను 44-16తో ఓడించింది. లారెన్స్ మూడు సీజన్లు ఆడి 2021 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా వెళ్లిపోయాడు. అతనికి రెడ్‌షర్ట్ ఇచ్చి ఉంటే క్లెమ్సన్ ఒక ఏడాదిని ఊరికే వదులుకునేది. మూడేళ్లలో వెళ్లిపోతాడని అందరికీ తెలిసిన కుర్రాడికి ఐదేళ్ల ప్రణాళిక వేయకూడదు.

నాలుగో అడుగు: జట్టు పట్టిక మీద అతని చోటు చూడాలి

స్థానాల వారీగా, సంవత్సరాల వారీగా ఒక పట్టిక వేసి, రెండేళ్ల తర్వాత ఏ స్థానం ఖాళీ అవుతుందో చూడాలి. అఫెన్సివ్ లైన్‌లోని ముగ్గురు గార్డులు ఒకేసారి అర్హత ముగించే సంవత్సరం కనిపిస్తే, ఈ ఏటి ఫ్రెష్‌మన్ గార్డుకు రెడ్‌షర్ట్ ఇవ్వడం ఆ ఖాళీని పూడ్చడానికి అతణ్ణి సిద్ధం చేస్తుంది. ఇంతవరకు పాత పద్ధతే.

కొత్తగా చేరిన ఖర్చు ఒకటుంది. కాలేజీ ఆటగాళ్ల చెల్లింపుల మీద నడిచిన హౌస్ కేసులో 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందం ప్రకారం, అందులో చేరిన కాలేజీలలో 85 స్కాలర్‌షిప్‌ల పాత పరిమితి పోయి, ఫుట్‌బాల్ జట్టు మొత్తానికే 105 మంది అనే పరిమితి వచ్చింది. అంతకుముందు స్కాలర్‌షిప్ లేని వాకాన్‌లతో జట్టును ఎంతైనా పెంచుకొని, రెడ్‌షర్ట్‌లను నిశ్చింతగా వెనక ఉంచుకునేవారు. ఇప్పుడు ఆడని ప్రతి కుర్రాడూ ఆ 105 చోట్లలో ఒకదాన్ని ఆక్రమిస్తాడు. ఒకేసారి ఇరవై మందికి రెడ్‌షర్ట్ ఇస్తే, గాయాలు మొదలైన అక్టోబరులో చేతిలో ఉండేది 85 మందే. అందువల్ల రెడ్‌షర్ట్‌లను వరుస క్రమంలో పెట్టుకొని, అవసరం వస్తే మొదట ఎవరి రెడ్‌షర్ట్ తీసేయాలో ఆగస్టులోనే నిర్ణయించుకోవాలి.

ఐదో అడుగు: నాలుగు గేమ్‌లను క్యాలెండర్ మీద పంచాలి

2018 సవరణ తర్వాత ఈ నిర్ణయంలోని నైపుణ్యమంతా ఇక్కడికి చేరింది. ఆడించాలా వద్దా అన్న పాత ప్రశ్న స్థానంలో, చేతిలో ఉన్న నాలుగింటిని ఎప్పుడు ఖర్చుపెట్టాలి అన్న ప్రశ్న వచ్చింది. నిబంధన గేమ్‌లనే లెక్కిస్తుంది, స్నాప్‌లను కాదు. ఒక్క కిక్కాఫ్‌కు పరుగెత్తి వచ్చినా ఒక గేమ్ పోతుంది, అరవై స్నాప్‌లు ఆడినా ఒకటే పోతుంది. దీన్నుంచి వచ్చే మొదటి సూత్రం: గెలుపు ఖాయమైన గేమ్ చివరి రెండు నిమిషాల్లో ముచ్చటకోసం ఫ్రెష్‌మన్‌ను దింపకూడదు. కుటుంబం స్టేడియంకు వచ్చింది కదా, ఒక్కసారి దింపుదాం అని మెత్తబడే కోచ్‌లు ఉంటారు. దింపదలిస్తే కనీసం పాతిక స్నాప్‌లైనా ఆడించాలి, ఆ వారమంతా మొదటి జట్టుతో సాధన చేయించాలి.

పంపకం స్థానాన్ని బట్టి మారుతుంది. సెప్టెంబరులో చాలా పెద్ద జట్లు తమకంటే చిన్న విభాగమైన ఎఫ్‌సీఎస్ జట్టుతో ఒక గేమ్ ఆడతాయి. సిద్ధంగా ఉన్నాడా లేదా అని అనుమానం ఉన్న ఫ్రెష్‌మన్‌కు అది పరీక్షగా సరిపోతుంది. పరీక్ష కోసం మొదట్లో ఒకటి, ఎక్కువలో ఎక్కువ రెండు, వాడుకోవచ్చు. కనీసం రెండింటిని నవంబరుకు దాచాలి. దీనికి కారణాలు మూడు. ఆ సమయానికి గాయాలతో పై వరుస పలచబడుతుంది. మూడు నెలల వెయిట్ రూం, ప్లేబుక్ తర్వాత కుర్రాడు ఆగస్టులో ఉన్నవాడు కాదు, అదే ఆట అతనికి రెట్టింపు నేర్పుతుంది. నవంబరులో ఆడిన అనుభవంతో వసంతకాలపు సాధనలోకి అడుగుపెట్టే ఆటగాడి ధీమా వేరుగా ఉంటుంది. ఇక బౌల్ గేమ్ లెక్కలోకి రాదు కనుక దాన్ని అందరు రెడ్‌షర్ట్‌లకూ ఐదో అవకాశంగా ముందే కేటాయించుకోవచ్చు. డ్రాఫ్ట్‌కు వెళ్లే పెద్ద ఆటగాళ్లు బౌల్ గేమ్ మానేయడం ఈ రోజుల్లో సర్వసాధారణం కాబట్టి అక్కడ చోటు కూడా దొరుకుతుంది.

ప్రత్యర్థిని కూడా చూడాలి. లైన్ ఆటగాడికి మొదటి అనుభవం లీగ్‌లోకెల్లా బలమైన డిఫెన్సివ్ ఫ్రంట్ మీద ఇవ్వడం అతని ఆత్మవిశ్వాసాన్ని దెబ్బతీస్తుంది. కార్నర్‌బ్యాక్‌కు పాసింగ్ తక్కువగా చేసే జట్టు మీద ఇచ్చిన గేమ్ వృథా. బయటి ఊరి గేమ్‌లకు ప్రయాణించే జట్టు పరిమితంగా ఉంటుంది కనుక, ఫ్రెష్‌మన్ గేమ్‌లలో ఎక్కువ భాగం సొంత మైదానంలోనే పడతాయి. వీలైతే ఒకటి బయట ఉండేలా చూడాలి, లక్షమంది అరుపుల మధ్య స్నాప్ పిలుపు వినపడకపోతే ఏం చేయాలో సాధనలో ఎంత శబ్దం పెట్టినా రాదు.

ఈ లెక్కను ఒకే మనిషికి అప్పగించాలి. ప్రతి గేమ్‌కు ముందు ఎవరికి ఎన్ని మిగిలి ఉన్నాయో చూపే పట్టిక సైడ్‌లైన్‌లో ఒకరి చేతిలో ఉండాలి, స్పెషల్ టీమ్స్ కోచ్ దగ్గర దాని ప్రతి తప్పక ఉండాలి. ప్రమాదం ఎక్కువగా జరిగేది ఆయన దగ్గరే. పంట్ జట్టులో ఒకడికి షూ ఊడిపోతుంది, పక్కనున్నవాణ్ణి మైదానంలోకి తోసేస్తారు, ఆ పక్కనున్నవాడికి అది ఐదో గేమ్ అవుతుంది. అలా పోయిన ఏడాది గోడకు కొట్టిన సున్నమే. గేమ్ ముగిశాక వీడియో చూసి, ఎవరెవరు మైదానంలోకి దిగారో కంప్లయన్స్ ఆఫీసు లెక్కతో సరిపోల్చుకోవడం సోమవారం ఉదయం మొదటి పని కావాలి.

ఆరో అడుగు: ఐదో గేమ్ ముందు ఆగి తేల్చాలి

నాలుగు గేమ్‌లు వాడేసిన ఫ్రెష్‌మన్ మీద వచ్చే ఒత్తిడి అక్టోబరులో మొదలవుతుంది. అప్పుడు మిగిలిన షెడ్యూలు ముందు పెట్టుకొని లెక్క వేయాలి. మిగిలిన గేమ్‌లలో సగానికి పైగా, గేమ్‌కు కనీసం ఇరవై స్నాప్‌లు అతనికి దక్కుతాయని పొజిషన్ కోచ్ ఖాయంగా చెప్పగలిగితే రెడ్‌షర్ట్ తీసేయవచ్చని నా కొలత. ఒక్క గేమ్ గెలవడం కోసం తీసేస్తే, అది ఛాంపియన్‌షిప్ దారిలో ఉన్న గేమ్ అయి ఉండాలి. ఎనిమిదో గేమ్ దాటాక తీసేయడానికి దాదాపు ఎప్పుడూ కారణం దొరకదు. కోచ్ ఉద్యోగమే ఊగిసలాటలో ఉన్నప్పుడు మాత్రం ఈ సూత్రాలన్నీ గాలికి పోతాయి. వచ్చే ఏడాది తాను ఉంటాడో లేదో తెలియని మనిషి వచ్చే ఏడాది కోసం ఆటగాణ్ణి దాచడు. కాలేజీని ఎంచుకునేటప్పుడు కుటుంబాలు కోచ్ ఒప్పందంలో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో చూడటంలో తప్పేమీ లేదు.

గాయం వస్తే లెక్క వేరు. సీజన్ మొదటి సగంలో గాయపడి, ఇక ఆడలేని స్థితిలో ఉండి, సుమారు 30 శాతానికి మించి గేమ్‌లు ఆడనివారికి, ఆ సీజన్‌ను తిరిగి ఇచ్చే హార్డ్‌షిప్ వేవర్ ఉంటుంది. పన్నెండు గేమ్‌ల సీజన్‌లో అది కూడా నాలుగు గేమ్‌ల దగ్గరే తేలుతుంది కనుక, ఫ్రెష్‌మన్‌కు మామూలు రెడ్‌షర్టే సరిపోతుందని చాలామంది కాగితాలు పట్టించుకోరు. అలా వదిలేయకూడదు. ముందు ముందు ఇంకో పెద్ద గాయమై, ఆరో ఏడాది కోసం దరఖాస్తు పెట్టవలసి వస్తే, మొదటి గాయం నాటి డాక్టరు నివేదికలు, స్కాన్‌లు, ఆపరేషన్ తేదీలు అప్పటికప్పుడు భద్రపరచినవి కావాలి. కాలేజీ దగ్గర ఉంటాయిలే అనుకోకుండా కుటుంబం తన ప్రతిని తాను దాచుకోవాలి.

ఏడో అడుగు: నిర్ణయాన్ని కుర్రాడితో కలిసి తీసుకోవాలి

ఒకప్పుడు కోచ్ మాటే వేదం. ఇప్పుడు కాదు. 2021 నుంచి ఒకసారి, 2024 నుంచి చదువులో ప్రమాణాలు నిలబెట్టుకున్నంతవరకు ఎన్నిసార్లైనా, కాలేజీ మారి వెంటనే ఆడే వీలు వచ్చింది. నాలుగు గేమ్‌ల నిబంధన ఫ్రెష్‌మన్ కోసం పుట్టినా, దాన్ని పెద్ద ఆటగాళ్లు కూడా వాడుకున్నారు. 2018లో లారెన్స్‌కు స్థానం ఇచ్చిన వెంటనే, నాలుగు గేమ్‌లు ఆడి ఉన్న సీనియర్ క్వార్టర్‌బ్యాక్ కెల్లీ బ్రయంట్ క్లెమ్సన్‌ను వదిలి, మిగిలిన సీజన్‌తో మిజూరీకి వెళ్లాడు. ఆ వారమే సిరక్యూస్‌తో జరిగిన గేమ్‌లో లారెన్స్ గాయపడి బయటికి రావలసి వచ్చింది. అప్పుడు జట్టును 27-23తో గెలిపించింది చేజ్ బ్రైస్, ముందటేడు రెడ్‌షర్ట్‌గా కూర్చుని ప్లేబుక్ నేర్చుకున్న కుర్రాడు. మొదటి లాభం అంటే ఏమిటో చూపడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. మరుసటి ఏడాది హ్యూస్టన్ క్వార్టర్‌బ్యాక్ డెరిక్ కింగ్ కూడా నాలుగు గేమ్‌ల తర్వాత సీజన్ ఆపేసి, చివరికి మయామీలో ఆడాడు.

ఫ్రెష్‌మన్‌తో మాట్లాడేటప్పుడు మూడు విషయాలు స్పష్టంగా చెప్పాలి: ఎందుకు ఆపుతున్నారు, ఏ నాలుగు గేమ్‌లలో ఆడించే ఆలోచన ఉంది, ఏం జరిగితే ఆ ఆలోచన మారుతుంది. ఆగస్టు సాధన మధ్యలో పొజిషన్ కోచ్ ఈ మాట చెప్పాలి, సెప్టెంబరులో ప్రయాణ జాబితా గోడమీద చూసి కుర్రాడు తానే తెలుసుకోకూడదు. తల్లిదండ్రులు కూడా ఒక ప్రశ్న తప్పక వేయాలి. పేరు, బొమ్మల హక్కుల ద్వారా వచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు గాని, 2025 నుంచి కాలేజీ నేరుగా ఇస్తున్న వాటా గాని, ఆడిన గేమ్‌లతో ముడిపడి ఉందా? ఒప్పందంలో అలాంటి షరతు ఉంటే, రెడ్‌షర్ట్ వల్ల ఆదాయం తగ్గుతుంది, ఆ సంగతి సంతకానికి ముందే తెలియాలి. నోటిమాటగా ఇచ్చిన హామీని కాగితం మీదకు తెప్పించుకోవడం మర్యాదకు భంగం కాదు.

ఎనిమిదో అడుగు: ఆ ఏడాదిని పనితో నింపాలి

రెడ్‌షర్ట్ ఏడాది చాలామందికి చేదుగా మిగిలేది ఆడకపోవడం వల్ల కాదు, ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల. వారమంతా స్కౌట్ టీమ్‌లో ప్రత్యర్థి జట్టులా నటిస్తూ, తన సొంత ప్లేబుక్ ఆడే అవకాశమే లేకుండా పోతుంది. సాధన ముగిశాక వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలపాటు, ఫ్రెష్‌మన్‌లకు మాత్రమే సొంత ప్లేబుక్‌తో ఆట పెట్టాలి. సీజన్‌లో వారానికి 20 గంటల పరిమితి ఉన్నా, దానికి చోటు దొరుకుతుంది. మరుసటి రోజు ఆ వీడియో పొజిషన్ కోచ్ వాళ్లతో కూర్చుని చూడాలి. ఆడేవారు బలం కాపాడుకునే వ్యాయామం మాత్రమే చేసే నెలల్లో, రెడ్‌షర్ట్‌లు బలం పెంచుకునే వ్యాయామం చేయాలి. స్ట్రెంగ్త్ కోచ్ వాళ్ల షెడ్యూలును విడిగా వేయాలి, ఆహార నిపుణులు బరువును నెలనెలా నమోదు చేయాలి. రెండో అడుగులో రాసుకున్న వాక్యాన్ని అక్టోబరు చివర ఒకసారి తీసి చూసుకుంటే బండి ఎక్కడ ఉందో తెలుస్తుంది.

చదువు వైపు కూడా ఈ ఏడాదికి విలువ ఉంది. ప్రయాణాలు లేని శరత్కాలంలో కష్టమైన కోర్సులు పూర్తిచేసుకోవచ్చు. ఫుట్‌బాల్ ఆటగాడు ఆ టర్మ్‌లో కనీసం తొమ్మిది క్రెడిట్ గంటలు పాసవ్వకపోతే వచ్చే సీజన్ మొదటి గేమ్‌లకు దూరం కావలసి వస్తుంది. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60, ఐదో ఏటికి 80 శాతం పూర్తి కావాలన్న నియమం కూడా ఉంది. మొదటి ఏడాది నుంచి వేసవి కోర్సులు కలుపుకుంటూ వచ్చినవాడు నాలుగేళ్లలోపే డిగ్రీ ముగించి, ఐదో ఏట జట్టు ఖర్చుతో మాస్టర్స్ చదువుతాడు. చదువును లెక్కలోకి తీసుకునే తెలుగు తల్లిదండ్రులకు రెడ్‌షర్ట్‌ను ఒప్పించడానికి ఇదే బలమైన కారణమని నాకనిపిస్తుంది.

మామూలు సీజన్ ముగిసిన వారమే చివరి సమావేశం పెట్టాలి. 2026లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునేవారు పేరు నమోదు చేసుకునే చోటు) జనవరి 2 నుంచి 16 వరకే తెరిచి ఉండేలా మార్చారు కాబట్టి, అంతకుముందే కుర్రాడికి తన స్థానం ఏమిటో తెలియాలి. ఆ సమావేశానికి నాలుగు కాగితాలు సిద్ధం చేసుకోవాలి: అతను ఆడిన గేమ్‌ల అధికారిక లెక్క, ఆగస్టు నుంచి డిసెంబరు వరకు బరువు, బలం నమోదులు, కోర్సుల ఫలితాలు, వసంతకాలపు సాధన మొదలయ్యేనాటికి అతని స్థానంలో ఉండబోయేవారి పేర్లు. వాటిని కుర్రాడి ముందు పెట్టి, బౌల్ గేమ్‌లో అతనికి ఎన్ని స్నాప్‌లు ఇవ్వబోతున్నారో అప్పుడే చెప్పాలి, చెప్పినన్ని ఇవ్వాలి.